వాక్చికిత్స నుండి లైఫ్ కోచింగ్‌కు: ఒక పరిశీలన

ఈ విద్యా సంవత్సరం మన కళాశాల కమిటీ ముందుకు ఒక ప్రతిపాదన వచ్చింది. డిగ్రీ తుది సంవత్సరం విద్యార్థులకు మూడు రోజులపాటు ‘లైఫ్ కోచింగ్’ శిబిరం నడిపేందుకు అనుమతి కోరుతూ ఒక యువకుడు ఉత్తరం వ్రాశారు. ఆయన మన కళాశాలలోనే ఇంటర్మీడియెట్ చదువుకున్నవారు. తరువాత వాక్, శ్రవణ చికిత్సలో పట్టభద్రులై, పక్షవాతం వల్ల మాట పడిపోయినవారికీ, రోడ్డు ప్రమాదాలలో తలకు దెబ్బ తగిలినవారికీ మాటను, జ్ఞాపకాన్ని తిరిగి అలవరచే పనిలో ఎనిమిది సంవత్సరాలు గడిపినవారు. ఆ పనికి స్వస్తి చెప్పి ఇప్పుడు లైఫ్ కోచ్‌గా, అనగా బ్రతుకులో ఎటు పోవాలో తేల్చుకోలేని వారికి గంటల లెక్కన తోడు కూర్చుని దారి వెదికించే శిక్షకునిగా మారారు. ప్రతిపాదనపై అధ్యాపకుల అభిప్రాయం తెలుపవలసిందని కమిటీ వారు కోరగా మేము నాలుగు పంక్తులు వ్రాసి ఇచ్చాము. ఆ నాలుగు పంక్తులలో ఇమడని సంగతులను ఇప్పుడు పాఠకుల ముందుంచుతున్నాము.

ముందుగా ఒక మాట మనవి చేసుకోవాలి. ఆ యువకుడు మా నాన్నగారికి చికిత్స చేసినవారు. కనుక ఈ విషయంలో మేము తటస్థులమని చెప్పుకొంటే అది అసత్యమవుతుంది.

మూడు సంవత్సరాల క్రిందట ఒక తెల్లవారుజామున, ఫజర్ నమాజుకు వజూ చేసుకొంటూండగా, నాన్నగారి కుడిచేతిలోని చెంబు జారి పడింది. ముప్పయి అయిదేళ్ళు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలలో తెలుగు బోధించిన మనిషి ఆయన. బడిలో తెలుగు, ఇంట్లో ఉర్దూ. ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చేనాటికి ఆయన నోట మిగిలింది ఒకే ఒక మాట: ‘అదీ’. ఆకలైతే ‘అదీ’, కోపం వస్తే ‘అదీ’, మనుమరాలిని చూస్తే ‘అదీ’. మేము చెప్పేది మాత్రం ఆయనకు చాలా వరకు అర్థమయ్యేది. తన మాట తన చేతికి రావటం లేదని తెలిసి కన్నీరు పెట్టుకొనేవారు. మతి చలించిందని బంధువులలో కొందరు నిర్ధారణ చేసేశారు. ఒకరు తావీజు తెచ్చి మెడలో కట్టి వెళ్ళారు. వారి ప్రేమను శంకించము గాని, వారి నిర్ధారణ తప్పు.

1861లో పారిస్ నగరంలో పాల్ బ్రోకా అనే వైద్యుడు ఇటువంటి రోగినే చూశాడు. ఆ రోగి ఏళ్ళ తరబడి ‘టాన్’ అనే ఒక్క శబ్దం తప్ప పలుకలేకపోయేవాడు. అతడు మరణించిన తరువాత పరీక్షించగా మెదడు ఎడమ భాగంలో, ముందు వైపున దెబ్బ కనిపించింది. మాట పోవటం వేరు, బుద్ధి పోవటం వేరు అన్న సంగతి వైద్య లోకానికి స్పష్టం కావటం ఆ కాలంలోనే మొదలయింది. మన వీధులకు అది ఇంకా చేరవలసి ఉన్నది.

ఆ స్థితిలో మా ఇంటికి వచ్చారు ఆ యువకుడు. వచ్చిన మొదటి రోజు ఆయన అడిగిన ప్రశ్న మేము మరువలేము. “అన్నా, మాస్టారికి కోపం వస్తే ఏ భాషలో తిట్టేవారు?” మేము నివ్వెరపోయాము. పిల్లలను తెలుగులో మందలించేవారనీ, ఇంట్లో ఎవరినీ ఎన్నడూ తిట్టలేదనీ అమ్మీ జవాబిచ్చింది. ఆ ప్రశ్న వెనుక పెద్ద శాస్త్ర చర్చ ఉన్నదని తరువాత తెలిసింది. రెండు భాషలు తెలిసినవారికి మాట పడిపోతే, మొదట నేర్చిన భాష నిలుస్తుందని 1881లో రిబో అనే ఫ్రెంచి పండితుడు అన్నాడు. కాదు, అనుదినం ఎక్కువగా వాడిన భాషే ముందు తిరిగి వస్తుందని 1895లో పిత్ర్ అన్నాడు. మా ఇంట ఇద్దరిలో ఎవరూ పూర్తిగా నెగ్గలేదు. తొలుత తిరిగి వచ్చిన మాట ‘చాయ్’. అది రెండు భాషలకూ ఉమ్మడి సొత్తు!

మరొక వింత. మంచినీళ్ళు కావాలని అడగలేని మా నాన్నగారు అల్‌హమ్దు సూరాను ఆద్యంతం ఒక్క అక్షరం తప్పకుండా చదివేవారు. వేమన పద్యాన్ని బడిలో చదివినట్లే రాగం తీసి చదివేవారు. అమ్మీ దీనిని కరామత్తుగా భావించింది. మాట పడిపోయిన రోగులు ప్రార్థనలు, తిట్లు, అంకెల వరుసల వంటివి అప్రయత్నంగా పలుకగలరని హ్యూలింగ్స్ జాక్సన్ అనే ఆంగ్ల వైద్యుడు 19వ శతాబ్దంలోనే గమనించాడు. ఆలోచించి కూర్చే మాటకూ, అలవాటుగా పొర్లివచ్చే మాటకూ మెదడులో దారులు వేరు. 1973లో అమెరికాలోని బోస్టన్ చికిత్సకులు ఈ రాగాన్నే ఆధారం చేసుకొని, పాట ద్వారా మాటను రప్పించే ఒక పద్ధతిని ప్రకటించారు. మన యువకుడు వేమన పద్యం ఎత్తుగడలోకి ‘నీళ్ళు కావాలి’ అనే మాటను చేర్చి పాడించేవారు. నెలకు పైగా అదే పని. ఒకనాడు రాగం తొలగిపోయి మాట మిగిలింది.

ఆయనలో మమ్మల్ని అన్నిటికంటె ఆకర్షించింది వేచి ఉండే గుణం. ప్రశ్న అడిగిన తరువాత నాన్నగారు పెదవులు కదుపుతూ పెనుగులాడుతుంటే మేము ఆగలేక మాట అందించేవారము. ఆయన చేత్తో మమ్మల్ని వారించి, మనసులో పది వరకు, ఇరవై వరకు లెక్కించుకొంటూ మౌనంగా కూర్చునేవారు. పన్నెండు సంవత్సరాలుగా తరగతి గదిలో ప్రశ్న వేసి మూడు క్షణాలలో మేమే జవాబు చెప్పేస్తున్నామన్న సంగతి ఆ వరండాలో కూర్చుని తెలుసుకున్నాము. ఇది అప్రస్తుతమే అయినా చెప్పకుండా ఉండలేకపోయాము. ఆయన పేరు నాన్నగారి నాలుకకు పట్టుబడలేదు. పేరుకు బదులు ‘చాక్‌పీసు’ అని వచ్చేది. ఆయన నవ్వి, “సరే మాస్టారూ, చాక్‌పీసునే” అనేవారు.

అయిదవ నెలలో నాన్నగారు చిన్న చిన్న వాక్యాలు పలుకసాగారు. ఒక గురువారం అభ్యాసం ముగిసిన తరువాత, ఒక్కొక్క మాటను కూడదీసుకొని, “ఇక... నేను... ఏం చేయాలి?” అని అడిగారు. ఆయన అడిగింది మరుసటి అభ్యాసం గురించి కాదు. బడి లేదు, కుడిచేత వ్రాత లేదు, మసీదు మెట్లు ఎక్కలేరు, నలుగురిలో కూర్చుంటే సంభాషణ ఆయన అందుకొనేలోపు సాగిపోతుంది. అటువంటి మనిషి మిగిలిన బ్రతుకును ఏం చేసుకోవాలి? యువకుని సంచిలోని బొమ్మల కార్డులలో ఆ ప్రశ్నకు జవాబు లేదు. ఆ మధ్యాహ్నమే తన మనసు ఈ వృత్తి నుండి కదిలిందని ఆయన తరువాత మాతో చెప్పారు. “మాట తెప్పించి వదిలేస్తున్నామన్నా. ఆ మాటతో వాళ్ళు ఏం చేసుకోవాలో అడిగే తీరిక మాకు లేదు.”

తీరిక లేకపోవటం నిజమే. ఆయన పనిచేసిన చోట రోగికి అరగంట. తలుపు వెలుపల మరొకరు. ఏటేటా గడువు పొడిగించే కాంట్రాక్టు ఉద్యోగం. రోగులలో పల్లెల నుండి వచ్చేవారు బస్సు ఛార్జీలు భరించలేక రెండవ నెలలోనే మానేసేవారు. కూలి పని చేసుకొనే ఇంట్లో రోగిని తీసుకువచ్చేందుకు మరొక మనిషి తన కూలిని వదులుకోవాలి కదా. 2016లో కోక్రేన్ సంస్థ ప్రకటించిన సమీక్షలో 57 ప్రయోగాలను, 3002 మంది రోగుల ఫలితాలను పరిశీలించారు. మాట పడిపోయినవారికి వాక్చికిత్స మేలు చేస్తున్నదని అది తేల్చింది. చికిత్స గంటలు పెరిగినచోట ఫలితం మెరుగుపడే సూచనలు ఉన్నాయనీ, అటువంటి చోట్లనే మధ్యలో మానేసినవారూ ఎక్కువగా కనిపించారనీ కూడా చెప్పింది. మా యువకుని అనుభవం ఆ రెండవ వాక్యంలో ఉన్నది.

ఇక కోచ్ అనే మాట. హంగరీ దేశంలో కోచ్ అనే గ్రామంలో తయారయిన గుర్రపు బండికి ఆ గ్రామం పేరే వచ్చింది. 1830 ప్రాంతంలో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు, తమను పరీక్ష గట్టెక్కించే ప్రైవేటు మాస్టారిని హాస్యంగా ‘కోచ్’ అన్నారు. అక్కడి నుండి అది ఆటల మైదానానికి పోయింది. 1974లో టిమొతీ గాల్వే అనే అమెరికన్ టెన్నిస్ శిక్షకుడు, ఎదుటి ఆటగానికంటె ఆటగాని మనసులోని శంకయే పెద్ద ప్రత్యర్థి అనే భావంతో ఒక గ్రంథం వ్రాశాడు. థామస్ లియొనార్డ్ అనే ఆర్థిక సలహాదారు 1990ల తొలినాళ్ళలో ఈ పనికి ఒక శిక్షణాలయాన్ని నెలకొల్పి, 1995లో అంతర్జాతీయ సంఘానికి పునాది వేశాడు. ఈ పని చేసేవారి సిద్ధాంతం ఏమంటే, కోచ్ సలహా ఇవ్వడు, రోగం కుదర్చడు. ప్రశ్నలు వేసి, ఎదుటివానిచేతనే అతని గమ్యాన్ని చెప్పిస్తాడు. 

ఈ సిద్ధాంతాన్ని మేము తేలికగా చూడము. వినటం, ఆగటం, ఎదుటి మనిషి నోట అతని మాటనే పలికించటం వాక్చికిత్సకునికి వెన్నతో పెట్టిన విద్య. ఆ విద్యను ఆరోగ్యవంతుల కొరకు వినియోగించటం పాపం కాదు. ఉద్యోగం మారిన మనిషిని ద్రోహిగా చిత్రించే సహాధ్యాపకులతో మేము ఏకీభవించము. అల్లాపై భరోసా ఉన్నవానికి కోచ్ ఎందుకని ప్రశ్నించిన మిత్రునితోనూ ఏకీభవించము. పరీక్ష తప్పిన కుర్రవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని ‘ఇప్పుడేం చేద్దామనుకుంటున్నావు?’ అని అడిగే మనిషి దొరకటమూ ఆ దైవానుగ్రహంలో భాగమే కావచ్చును.

మా అభ్యంతరం కరపత్రంతో మొదలవుతుంది. ప్రతిపాదనకు జతపరచిన ఆ కరపత్రంలో ‘మెదడు పునరావాస నిపుణుని శాస్త్రీయ పద్ధతి’ అని పెద్ద అక్షరాలలో ఉన్నది. దాని క్రింద ‘90 రోజులలో మీ మెదడును మార్చుకోండి’ అని ఉన్నది. ఇది చదివినప్పుడు మాకు మా వరండా జ్ఞాపకం వచ్చింది. “ఎన్ని రోజులకు మాట వస్తుంది బేటా?” అని అమ్మీ అడుగని వారం లేదు. ఆయన ప్రతి వారం, తల వంచుకొని, “చెప్పలేనమ్మీ” అనేవారు. ఒక్కసారి కూడా గడువు చెప్పలేదు. చెప్పి ఉంటే అమ్మీ సంతోషించేది, మేమూ మరొక నెల ఫీజు మారుమాట లేకుండా చెల్లించేవారము. దెబ్బతిన్న మెదడును పదేపదే చేసిన అభ్యాసంతో నెలల తరబడి మలచిన మనిషి, గడువు చెప్పేందుకు భయపడిన మనిషి, దెబ్బ తినని విద్యార్థికి గడువు ఎట్లా చెప్పగలిగారు?

మాకు తోచిన కారణం ఇది. ఆ ‘చెప్పలేను’ అనే మాట ఆయన స్వభావం నుండి కొంతే వచ్చింది. చాలా భాగం ఆయన వృత్తి నుండి వచ్చింది. ఆ వృత్తికి కొలత ఉన్నది. ఈ వారం ఇరవై బొమ్మలలో ఎన్నింటికి పేరు చెప్పారో కాగితం మీద ఉంటుంది. పైన చూసే పెద్దలున్నారు. 1992లో పార్లమెంటు చేసిన భారత పునరావాస మండలి చట్టం ఉన్నది. మండలి పట్టికలో పేరు లేనివాడు ఆ చికిత్స చేయరాదు. లైఫ్ కోచింగ్‌కు మన దేశంలో అటువంటి చట్టబద్ధమైన పట్టిక లేదు. రేపు ఉదయం మేమే గుమ్మానికి బోర్డు తగిలించుకున్నా అడిగేవారుండరు. కంచె ఉన్న తోటలో పండిన పేరును కంచె లేని బయలులో అమ్మకానికి పెట్టటమే ఆ కరపత్రం చేస్తున్న పని. ఆయన కోచ్‌గా రావచ్చును. కోచ్‌గానే రావాలి. చికిత్సకుని తెల్లకోటును ఆసుపత్రిలోనే విడిచి రావాలి.

మరొక భేదం ఉన్నది. కోచ్ వద్దకు వచ్చేవాడు మాట్లాడగలడు, నచ్చకపోతే లేచి వెళ్ళగలడు. ఆ స్వేచ్ఛపైనే ఆ పని నిలిచి ఉన్నది. కాని నూట ఇరవై మంది పిల్లలను హాలులో కూర్చోబెట్టినప్పుడు అందరూ ఆ స్వేచ్ఛ గలవారని అనుకోరాదు. నత్తి వల్ల మూడేళ్ళుగా తరగతిలో నోరు విప్పని పిల్లలను మేము చూశాము. ఇంట మరణం సంభవించి నిద్ర లేకుండా వస్తున్నవారినీ చూశాము. వారికి కావలసింది ఉత్సాహ వచనం కాదు, వైద్యుడు. నిజానికి ఇక్కడ మన యువకుడే ఇతర కోచ్‌ల కంటె మేలు. ఎవరి మౌనం సిగ్గు, ఎవరి మౌనం జబ్బు అని ఆయన కన్ను పట్టగలదు. తమ పరిధిని దాటిన మనిషిని తగిన నిపుణుని వద్దకు పంపాలని కోచ్‌ల అంతర్జాతీయ సంఘమే తన సభ్యులకు చెబుతున్నది. పంపేది ఎవరి వద్దకు అన్నది మాత్రం ప్రతిపాదనలో ఎక్కడా లేదు.

నాన్నగారి ప్రశ్నకు జవాబు వెదికేందుకు చికిత్సను విడిచి రావలసిన అవసరం ఉన్నదా అని కూడా మాకు సందేహం. రష్యా దేశపు లూరియా యుద్ధంలో తలకు తూటా తగిలిన ఒక సైనికుణ్ణి దాదాపు ముప్పయి సంవత్సరాలు కనిపెట్టి ఉన్నాడు. 1943లో గాయపడిన ఆ సైనికుడు చదవటం మరచి, వ్రాయటం తిరిగి నేర్చి, రోజుకు కొన్ని పంక్తుల చొప్పున వేలాది పుటల స్వీయ చరిత్ర వ్రాసుకొన్నాడు. 1972లో ఆంగ్లంలో వెలువడిన లూరియా గ్రంథంలో సగం గొంతు ఆ సైనికునిదే. లూరియా వైద్యునిగా ఉంటూనే ఆ బ్రతుక్కు తోడున్నాడు. 2000లో అమెరికాలోని కొందరు వాక్చికిత్సకులు, రోగి తిరిగి జీవితంలో పాలుపంచుకొనటమే చికిత్సకు మొదటి లక్ష్యంగా ఉండాలని బహిరంగంగా ప్రకటించారు. మన యువకుడు కోచింగ్‌లో వెదుకుతున్నది తన పాత వృత్తిలోనే సగం కట్టి వదిలిన గది అని మా అభిప్రాయం.

అయితే ఆ గది కట్టేందుకు ఆయనకు ఇటుకలు ఇచ్చినదెవరు? అరగంటలో అది సాధ్యం కాదు. ఇక్కడ మా తప్పునూ ఒప్పుకోవాలి. నాన్నగారికి చిన్న వాక్యాలు రాగానే, ‘మాట వచ్చింది కదా’ అని వారానికి మూడు రోజుల చికిత్సను మేమే ఒక రోజుకు తగ్గించాము. చెల్లెలి పెండ్లి ఖర్చు ముందున్నది. ‘ఇక నేను ఏం చేయాలి’ అని నాన్నగారు అడిగింది ఆ తగ్గించిన తరువాతనే. ఆయన వెళ్ళిపోయారని నిందించే హక్కు మాకు సగమే మిగిలింది.

ఆయన వెళ్ళిన తరువాత తెలుగు, ఉర్దూ రెండూ వచ్చిన చికిత్సకుని కొరకు రెండు నెలలు తిరిగాము. దొరకలేదు. తెలుగు మాత్రమే తెలిసిన ఒక అమ్మాయి శ్రద్ధగా చేస్తున్నది. కాని నాన్నగారు ‘పానీ’ అన్నప్పుడు అది సరియైన జవాబని ఆమెకు మేము చెప్పవలసి వస్తున్నది. విద్యార్థులు ఈ సంగతిని గమనించాలి. ఉర్దూ, తెలుగు రెండూ చదివే మన కళాశాల పిల్లలు ఆ రెండు భాషలను ఉద్యోగానికి అడ్డుగా తలచటం మేము ప్రతి సంవత్సరం చూస్తున్నాము. ఈ ఒక్క వృత్తిలో అవి మందు సీసాలవంటివి. సైన్సు గ్రూపుతో ఇంటర్మీడియెట్ చదివినవారికి ఈ దారి తెరిచి ఉన్నది. 1965లో మైసూరులో ఏర్పడిన అఖిల భారత వాక్, శ్రవణ సంస్థ ఉన్నది. 1983లో బొంబాయిలో నెలకొల్పిన జాతీయ సంస్థకు సికిందరాబాదులో శాఖ ఉన్నది. ఆ జాతీయ సంస్థ పేరు అలీ యావర్ జంగ్ గారిది. ఉస్మానియాకు, అలీగఢ్‌కు ఉపకులపతిగా ఉండి, మహారాష్ట్ర గవర్నరుగా పదవిలో ఉండగానే 1976లో కన్నుమూసిన హైదరాబాదీయుడాయన. మన విద్యార్థులలో ఎందరికి ఆ పేరు తెలుసునో కమిటీ వారు ఒకసారి అడిగి చూడవచ్చును.

మేము కమిటీకి వ్రాసి ఇచ్చిన నాలుగు పంక్తులు ఇవి. శిబిరానికి అనుమతి ఇవ్వవచ్చును. కరపత్రంలో మెదడు, 90 రోజులు అనే రెండు పంక్తులు తీసివేయాలి. తలకు 1,500 రూపాయల రుసుము విద్యార్థులనుండి వసూలు చేయక కళాశాల నిధి నుండి ఇవ్వాలి. అవసరమైన విద్యార్థిని ఏ వైద్యుని వద్దకు పంపుతారో ముందుగా వ్రాసి ఇవ్వాలి. మొదటి రోజు ఉదయం పూర్తిగా ఆయన తన పాత పనిని గురించి మాట్లాడాలి.

ఉత్తరం ప్రతిని మేమే స్వయంగా ఆయనకు ఇచ్చాము. చదివి, చాలా సేపు ఊరకున్నారు. ఈసారి మేము పది వరకు లెక్కపెట్టాము. “ఆ 90 రోజుల పంక్తి ప్రెస్సువాడు వేశాడన్నా, నేను చూసి కూడా ఊరుకున్నాను” అన్నారు. తక్కిన షరతుల సంగతి ఆలోచించి చెబుతానన్నారు. కమిటీ సమావేశం వచ్చే నెలలో ఉన్నది. మా నాన్నగారు మాత్రం ఇప్పటికీ గురువారం ఉదయం ఎడమచేత్తో చొక్కా గుండీలు పెట్టుకొని, వరండాలో కుర్చీ రోడ్డువైపు తిప్పించుకొని కూర్చుంటారు. గేటు చప్పుడైతే “చాక్‌పీసు?” అని అడుగుతారు.